అక్షరం, అంకె, అచ్చు: కంప్యూటర్ ముద్రణ పరిభాషా పరిచయం

మాటకు నిలకడ ఇచ్చింది లిపి. లిపికి వ్యాప్తి ఇచ్చింది ముద్రణ. ఈ రెండింటి నడుమ మూడవదిగా కంప్యూటర్ వచ్చి చేరింది. కథ గాని, కవిత గాని, పరీక్షాపత్రం గాని, పెళ్లి శుభలేఖ గాని కంప్యూటర్ గుండా సాగకుండా కాగితం మీదికి రావడం నేడు అరుదు. అయినప్పటికీ ఆ యంత్రంలో మన అక్షరానికి ఏమి జరుగుతున్నదో ఎరిగినవారు మనలో తక్కువ. ఫాంటు, బైటు, పిక్సెలు, పీడీఎఫ్ మొదలైన మాటలను దినమూ వింటాము, వాడుతాము. అర్థం చెప్పమంటే తడుముకుంటాము.

ఈ వ్యాసకర్త కంప్యూటర్ శాస్త్రం అభ్యసించినవాడు కాదు, తెలుగు పాఠం చెప్పేవాడు. అయితే కళాశాల సంచిక పని మీద ప్రెస్సు గడప తొక్కి, ప్రూఫులు దిద్ది, పొరపాట్లకు మాటపడి నేర్చుకొన్న విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని విద్యార్థినీ విద్యార్థుల ముందు, సంచిక భారం వహించే పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రయత్నానికి ప్రేరణ ఒక చిన్న సంఘటన. కొన్ని సంవత్సరాల క్రితం మన సంచిక తెలుగు విభాగంలో ఒక విద్యార్థిని కవిత అచ్చయింది. కవిత బాగానే వచ్చింది గాని, కింద ఆమె పేరులోని వత్తు ఒక అక్షరం నుండి ఊడి మరొక అక్షరానికి అంటుకొన్నది. ఆమె సంచిక చేతబట్టుకొని నా వద్దకు వచ్చి, "సార్, మా అమ్మీకి చూపిద్దామనుకున్నాను. కాని ఈ పేరు నాది కాదు గదా!" అన్నది. నేను ఆమె పంపిన ఫైలు తెరచి చూశాను, అందులో పేరు సక్రమంగానే ఉన్నది. ప్రెస్సువారు చూపిన ఫైలులో తప్పుగా ఉన్నది. ఇద్దరిలో ఎవరూ ఆ తప్పును చేతితో కొట్టలేదు. మరి తప్పు ఎక్కడ పుట్టింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే ఈ పరిభాష అంతా ఎదురైంది.

1. బిట్, బైట్, ఫైల్

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు. దానికి తెలిసినవి రెండే స్థితులు: విద్యుత్తు ఉన్నది, లేదు. ఈ రెండు స్థితులను మనము 1, 0 అని వ్రాసుకొంటాము. ఇట్టి ఒక్క స్థితికి 'బిట్' అని పేరు. ఒక దీపాన్ని వెలిగించి గాని ఆర్పి గాని రెండు సైగలు చేయవచ్చు. రెండు దీపాలతో నాలుగు, మూడింటితో ఎనిమిది సైగలు సాధ్యమవుతాయి. ఎనిమిది దీపాలతో 256 సైగలు చేయవచ్చు. ఎనిమిది బిట్ల సముదాయమే 'బైట్'. వేయి బైట్లు ఒక కిలోబైట్, పది లక్షల బైట్లు ఒక మెగాబైట్, వంద కోట్ల బైట్లు ఒక గిగాబైట్. కొన్ని లెక్కలలో వేయికి బదులు 1,024 తీసుకొంటారు.

ఒక పేరు కింద భద్రపరచిన బైట్ల వరుస 'ఫైల్'. ఆ వరుసను ఏ పద్ధతిలో చదవాలో చెప్పే ఒప్పందం 'ఫార్మాట్'. మనము టైపు చేస్తున్నప్పుడు మాటలు 'ర్యామ్' అనే తాత్కాలిక స్మృతిలో ఉంటాయి. కరెంటు పోతే అవీ పోతాయి. 'సేవ్' చేసినప్పుడే అవి డిస్కు మీదికి చేరి స్థిరపడతాయి.

2. అక్షర సంకేతం

యంత్రానికి అంకెలే తెలుసు గనుక ప్రతి అక్షరానికి ఒక అంకె కేటాయించవలసి వచ్చింది. ఆ అంకెకు సంకేత సంఖ్య అని పేరు పెట్టుకొందాము. 1963లో అమెరికాలో వెలువడిన 'ఆస్కీ' అనే ప్రమాణం 128 సంకేతాలను ఏర్పరచింది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు అందులో ఇమిడాయి. తెలుగుకు గాని ఉర్దూకు గాని అందులో చోటు లేదు.

భారతీయ లిపుల కోసం మన దేశంలో 'ఇస్కీ' అనే ప్రమాణం రూపొంది, 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడింది. అదే సంవత్సరం ప్రపంచ లిపులన్నిటినీ ఒకే పట్టికలో చేర్చే సంకల్పంతో 'యూనికోడ్' ప్రమాణం తొలి కూర్పు వచ్చింది. ఆ పట్టికలో తెలుగుకు 128 స్థానాలు కల్పించారు. అందులో అ సంఖ్య 3077, క సంఖ్య 3093. ఉర్దూ వ్రాసే అరబిక్ లిపిలో అలిఫ్ 1575, బే 1576. అరబ్బీలో లేని పే అక్షరానికి కూడా 1662 అనే సంఖ్య దక్కింది. ఈ అంకెలు హైదరాబాదులోనైనా, కర్నూలులోనైనా, లండనులోనైనా మారవు. యూనికోడ్ గొప్పతనమంతా ఈ మారకపోవడంలోనే ఉన్నది.

సంయుక్తాక్షరం ఇందులో ఎట్లా ఇముడుతుంది? క్ష అనేది మన కంటికి ఒక అక్షరం. యంత్రం మాత్రం దానిని మూడు సంకేతాలుగా దాచుకొంటుంది: క (3093), పొల్లు (3149), ష (3127). వాటిని కలిపి ఒక్క రూపంగా చూపడం తరువాతి పని. విద్యార్థులు వ్యాకరణంలో చదువుకొన్న వర్ణవిభాగం ఇక్కడ యంత్రధర్మంగా సాక్షాత్కరిస్తున్నది.

ఈ సంఖ్యలను బైట్లుగా మార్చే పద్ధతులలో ఎక్కువ వాడుకలో ఉన్నది 'యూటీఎఫ్-8'. దీని ప్రకారం ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, ఉర్దూ అక్షరం రెండు బైట్లు, తెలుగు సంకేతం మూడు బైట్లు ఆక్రమిస్తాయి. 'కళాశాల' అనే మాటలో క, ళ, దీర్ఘం, శ, దీర్ఘం, ల అని ఆరు సంకేతాలు ఉన్నాయి గనుక అది 18 బైట్లు. ఉర్దూలో కాఫ్, అలిఫ్, లామ్, జీమ్ అని నాలుగక్షరాలతో వ్రాసే 'కాలిజ్' 8 బైట్లు. ఇంగ్లీషులో ఏడక్షరాల 'కాలేజ్' 7 బైట్లు.

పట్టికలో కంటికి కనబడని సంకేతాలు కూడా కొన్ని ఉన్నాయి. అక్బర్ అనే పేరును కొందరు బా వత్తుతో వ్రాస్తారు, కొందరు అక్‌బర్ అని పొల్లు నిలిపి వ్రాస్తారు. రెండవ విధంగా వ్రాయాలంటే పొల్లు తరువాత 8204 సంఖ్య గల ఒక అదృశ్య చిహ్నం పడాలి. అది కాగితం మీద సిరా చుక్కంతైనా చోటు తీసుకోదు. అది తొలగితే పొల్లు వత్తుగా మారిపోతుంది. ఉర్దూ, ఫారసీ, అరబ్బీ పేర్లను తెలుగులో వ్రాసే మన కళాశాలకు ఈ కనబడని చిహ్నంతో నిత్యమూ పని ఉన్నది.

3. ఫాంట్

సంకేతం అక్షరానికి ప్రాణమైతే, ఫాంట్ దాని శరీరం. ఈ మాటకు పోతపోయడమనే అర్థం గల ఫ్రెంచి ధాతువు మూలం. సీసాన్ని కరిగించి అక్షరాలు పోతపోసిన కాలం నాటి పేరు అది. ఒకే క అక్షరాన్ని గుండ్రంగా, సన్నగా, లావుగా, వ్రాతలాగా ఎన్ని విధాలుగా చూపినా దాని సంకేత సంఖ్య 3093 గానే ఉంటుంది, మారేది రూపం మాత్రమే.

పాత ముద్రణశాల వదిలి వెళ్లిన మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. పంక్తికీ పంక్తికీ నడుమ కంపోజిటర్లు సీసపు బద్దలు ఉంచేవారు. ఇంగ్లీషులో సీసాన్ని లెడ్ అంటారు గనుక పంక్తుల నడుమ దూరాన్ని నేటికీ 'లెడ్డింగ్' అంటున్నారు. అక్షర పరిమాణానికి కొలత 'పాయింట్'. కంప్యూటర్ ముద్రణలో అంగుళానికి 72 పాయింట్లు. రెండక్షరాల నడుమ ఎడం సవరించడాన్ని 'కెర్నింగ్' అంటారు.

ఇప్పుడు విద్యార్థిని పేరు సంగతికి వద్దాము. 1985లో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్, పోస్ట్‌స్క్రిప్ట్ అనే పుట వర్ణన భాషను ఎరిగిన లేజర్ ప్రింటర్ విపణిలోనికి వచ్చాయి. బల్ల మీద కూర్చొని పుటలు కూర్చుకొనే 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్', అనగా మనము నిత్యం అనే డీటీపీ, వాటితోనే ఆరంభమైంది. ఆ సాధనాలు ఇంగ్లీషు కోసం పుట్టినవి. తెలుగు అచ్చు వేయవలసి వచ్చినప్పుడు మన సాంకేతికులు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేత స్థానాలలో తెలుగు అక్షర ఖండాలను, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలైనవాటిని ఉంచి ఫాంట్లు తయారు చేశారు. అను ఫాంట్లు మొదలుకొని తెలుగు డీటీపీలో దశాబ్దాల తరబడి రాజ్యమేలిన ఫాంట్లు ఈ కోవకు చెందినవే. తెలుగు పత్రికలు, పుస్తకాలు ఇంత అందంగా, ఇంత త్వరగా వెలువడడానికి అవి చేసిన మేలు తక్కువది కాదు.

అయితే ఈ పద్ధతిలో ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు. యంత్రం దృష్టిలో అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస. దానికి తెలుగు ముసుగు వేసేది ఆ ఫాంట్ ఒక్కటే. ముసుగు తీస్తే తెలుగు మాయమవుతుంది. పైగా ఒక సంస్థ ఫాంట్‌లో గుడి ఉన్న స్థానంలో మరొక సంస్థ ఫాంట్‌లో వత్తు ఉండవచ్చు.

మన విద్యార్థిని తన ఫోనులో కవిత వ్రాసింది. నేటి ఫోన్లలో టైపు చేసేది యూనికోడ్ తెలుగు. ప్రెస్సులోని పుటల సాఫ్ట్‌వేర్ పాతది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001లో వచ్చిన ఏడవది, దానికి యూనికోడ్ తెలుగును కూర్చే శక్తి లేదు. అందువల్ల ఆపరేటరు ఆమె కవితను 'కన్వర్టర్' అనే సాధనంతో పాత ఫాంట్ పద్ధతికి మార్చాడు. ఆ మార్పిడిలో ఆమె పేరులోని అదృశ్య చిహ్నం రాలిపోయింది, వత్తు దారి తప్పింది. ఆపరేటరుకు ఆమె పేరు తెలియదు, కన్వర్టరుకు తెలుగు తెలియదు. ప్రూఫు చూసిన నేను కవితను చదివానే గాని పేరును చదవలేదు. కనుక తప్పులో నా వాటా కూడా ఉన్నది.

ఇక్కడ మూడు వస్తువులను వేరువేరుగా గుర్తించాలి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో నిర్ణయించేది 'కీబోర్డు అమరిక'. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఏర్పడిన 'ఇన్‌స్క్రిప్ట్' అందులో ఒకటి. వచ్చిన అక్షరాన్ని దాచుకొనేది సంకేతం, చూపేది ఫాంట్. "నాకు ఆ ఫాంట్‌లో టైపు రాదు" అని మనము అనే మాటలో ఈ మూడూ కలగాపులగమై ఉన్నాయి.

4. ఉర్దూ లిపి కథ

తెలుగుకు సీసపు అక్షరాలు పోతపోయగలిగారు. వందలకొద్దీ గళ్ల కేసులతో కష్టపడి అయినా తెలుగు అచ్చయింది. ఉర్దూవారి హృదయానికి దగ్గరైన నస్తాలీఖ్ శైలి మాత్రం సీసానికి లొంగలేదు. అందులో పదం కుడివైపు పైనుండి ఎడమవైపు కిందికి జారుతుంది. పదంలో అక్షరం ఎంత ఎత్తున నిలవాలో దాని వెనుక వచ్చే అక్షరాలను బట్టి నిర్ణయమవుతుంది. అందువల్ల ఉర్దూ పుస్తకాలకు ఆధారం కాతిబ్ చేయి. కాతిబ్ వ్రాసిన పుటను రాతి మీదికి దించి అచ్చు తీసేవారు. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ కనుగొన్న ఈ రాతి అచ్చుకు 'లిథోగ్రఫీ' అని పేరు. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ స్థాపించిన ప్రెస్సు ఈ విధానంతో గొప్ప సేవ చేసింది. చెన్నైలో 1927లో స్థాపితమైన 'ముసల్మాన్' అనే ఉర్దూ దినపత్రిక ఇరవై ఒకటవ శతాబ్దంలోకి కూడా కాతిబుల చేతివ్రాతతోనే వెలువడింది.

మీర్జా అహ్మద్ జమీల్ అనే కళాకారుడు వేలకొలది పదఖండాలను స్వహస్తంతో వ్రాయగా, మోనోటైప్ సంస్థ సహకారంతో 'నూరీ నస్తాలీఖ్' యంత్రాక్షరమైంది. 1981లో పాకిస్తాన్‌లోని 'జంగ్' దినపత్రిక దానిని వాడుకలోనికి తెచ్చింది. 1990లలో ఢిల్లీ నుండి వెలువడిన 'ఇన్‌పేజ్' అనే సాఫ్ట్‌వేర్ ఈ శైలిని సామాన్య కంప్యూటర్ మీదికి తెచ్చి, ఉర్దూ ముద్రణ స్వరూపాన్నే మార్చివేసింది. అయితే దాని తొలి కూర్పుల ఫైళ్లు దానికే సొంతమైన సంకేతాలతో ఉండేవి. యూనికోడ్ తరువాతి కూర్పులలో వచ్చింది.

యూనికోడ్‌లో ఉర్దూ వ్యవస్థ సరళం. బే అక్షరానికి పదం మొదట, నడుమ, చివర, విడిగా నాలుగు రూపాలు ఉన్నప్పటికీ సంకేతం 1576 ఒక్కటే. తగిన రూపాన్ని ఎన్నుకోవడం ఫాంట్ బాధ్యత. అదే పాఠాన్ని నస్ఖ్ ఫాంట్‌లో పెడితే నస్ఖ్‌గా, నస్తాలీఖ్ ఫాంట్‌లో పెడితే నస్తాలీఖ్‌గా కనబడుతుంది.

ఉర్దూ శాఖలోని మిత్రులు నాకు చూపిన ఒక చిత్రమైన విషయం ఇక్కడ చెప్పాలి. అరబ్బీ కాఫ్ సంఖ్య 1603, ఉర్దూ కాఫ్ సంఖ్య 1705. పదం మొదట, నడుమ ఈ రెండూ ఇంచుమించు ఒకే విధంగా కనబడతాయి. అరబ్బీ కీబోర్డుతో కొట్టిన 'కితాబ్' కంటికి కితాబ్‌గానే ఉంటుంది గాని, ఉర్దూ కీబోర్డుతో వెదికితే దొరకకపోవచ్చు. కంటికి ఒకటిగా కనబడేది యంత్రానికి రెండు కావడం ఇక్కడి సమస్య. తెలుగు పాత ఫాంట్లలో కంటికి తెలుగుగా కనబడేది యంత్రానికి తెలుగే కాదు. రెండు లిపుల అనుభవమూ మనకు నేర్పేది ఒకే పాఠం: కనిపించే అక్షరం వేరు, నిలిచి ఉండే అక్షరం వేరు.

5. బొమ్మలు, రంగులు

ఫోటోను కంప్యూటర్ అతి చిన్న రంగు గళ్లుగా విభజించి దాచుకొంటుంది. ఒక్కొక్క గడి 'పిక్సెల్'. ఇట్టి బొమ్మ 'రాస్టర్' బొమ్మ. గళ్లతో కాక రేఖల, వంపుల గణిత వర్ణనతో దాచుకొన్న బొమ్మ 'వెక్టర్'. రాస్టర్ బొమ్మను పెద్దది చేస్తే గళ్లు బయటపడతాయి. వెక్టర్ బొమ్మను గోడంత పెంచినా అంచు చెదరదు. కళాశాల చిహ్నం వెక్టర్‌గా ఉండడం మేలు. నేటి ఫాంట్లలోని అక్షరాలు కూడా వెక్టర్ రూపాలే.

అంగుళానికి ఎన్ని చుక్కలో తెలిపే కొలత 'డీపీఐ'. మంచి ముద్రణకు ఫోటో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని వాడుక. 900 పిక్సెళ్ల వెడల్పు గల ఫోటో మూడు అంగుళాల వెడల్పున చక్కగా అచ్చవుతుంది, తొమ్మిది అంగుళాలకు సాగదీస్తే మసకబారుతుంది. ఏ4 పుట నిండా అచ్చు వేయాలంటే 2,480 నిలువు వరుసలు, 3,508 అడ్డు వరుసలు, మొత్తం 87 లక్షల పిక్సెళ్లు కావాలి. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున అది 26 మెగాబైట్లు. ఇరవై వేల సంకేతాలున్న తెలుగు వ్యాసం 60 వేల బైట్లకు మించదు. అనగా ఒక్క నిండు పుట ఫోటో ఆక్రమించే చోటిలో నాలుగు వందలకు పైగా వ్యాసాలు పడతాయి. అందుకే ఫోటోలను కుదించే 'జేపెగ్' వంటి ఫార్మాట్లు పుట్టాయి. కుదింపులో కొంత వివరం శాశ్వతంగా పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోకు జరిగేది ఇదే. దానినే డాక్యుమెంటుగా పంపితే కుదింపు లేకుండా చేరుతుంది.

తెర మీద రంగులు కాంతితో పుడతాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతుల కలయిక అది, దానికి 'ఆర్‌జీబీ' అని పేరు. కాగితం మీద రంగులు సిరాతో పుడతాయి. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల పద్ధతి 'సీఎంవైకే'. కాంతితో సాధ్యమైన రంగులన్నీ సిరాతో సాధ్యం కావు. తెర మీద మిలమిలలాడిన ఆకుపచ్చ ముఖచిత్రం అచ్చులో మందగించిందంటే అది అన్ని వేళలా ప్రెస్సువారి దోషం కాదు, కాంతికీ సిరాకూ ఉన్న సహజ భేదం.

6. పుట నుండి ప్రతి వరకు

కూర్చిన పుటను ఏ యంత్రంలోనైనా ఒకే విధంగా చూపే ఫార్మాట్ 'పీడీఎఫ్'. 1993లో వెలువడి, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫాంట్లను అందులోనే పొదగవచ్చు గనుక చూపు చెడదు. కాని పీడీఎఫ్ కాపాడేది ప్రధానంగా రూపాన్ని. పాత ఫాంట్‌తో చేసిన తెలుగు పీడీఎఫ్‌లో మాటను వెదికితే దొరకదు, నకలు తీస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి.

పుట వర్ణనను చుక్కలుగా మార్చే సాధనం 'రిప్'. ఆ చుక్కలను నేరుగా అల్యూమినియం పలక మీద లేజర్‌తో ముద్రించే విధానం 'సీటీపీ', అనగా కంప్యూటర్ నుండి ప్లేటుకు. రంగుకొక ప్లేటు చొప్పున నాలుగు ప్లేట్లు తయారవుతాయి. ప్లేటు మీది బొమ్మ రబ్బరు దుప్పటి మీదికి, దాని నుండి కాగితం మీదికి దిగుతుంది. ఇది 'ఆఫ్‌సెట్'. అక్షరమున్న చోట నూనె సిరా అంటుకోవడం, లేని చోట నీరు సిరాను నెట్టివేయడం దీని రహస్యం. కాతిబ్ వ్రాతను అచ్చు తీసిన రాతి పలక రహస్యమూ ఇదే. నేటి ఆఫ్‌సెట్ ఆ లిథోగ్రఫీకి వారసురాలు.

ప్లేటు లేకుండా ప్రతి కాగితాన్నీ నేరుగా ఫైలు నుండి అచ్చు వేయడం 'డిజిటల్ ముద్రణ'. ఇందులో రెండు మార్గాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. ఒకటి 'టోనర్' మార్గం: విద్యుదావేశం గల డ్రమ్ము మీద లేజర్ పుట రూపాన్ని లిఖిస్తుంది. ఆ చోట పొడి సిరా అంటుకొని, కాగితం మీదికి దిగి, వేడికి కరిగి అతుక్కొంటుంది. 1938లో న్యూయార్క్‌లో చెస్టర్ కార్ల్‌సన్ సాధించిన పొడి నకలు విధానం దీనికి మూలం. రెండవది 'ఇంక్‌జెట్': సన్నని రంధ్రాల గుండా సిరా బిందువులను కాగితం మీదికి చిమ్మడం.

ఆఫ్‌సెట్‌కు ఆరంభ వ్యయం ఎక్కువ. ప్రతులు పెరిగినకొద్దీ ఒక్కొక్క ప్రతి ఖర్చు తగ్గుతుంది. డిజిటల్‌లో ఆరంభ వ్యయం స్వల్పం, ఒక్కొక్క ప్రతి ఖర్చు ఇంచుమించు స్థిరం. కనుక యాభై, వంద ప్రతులకు డిజిటల్, వేయి ప్రతులకు ఆఫ్‌సెట్ అనుకూలం. అంచనా పత్రాలు చూసే కమిటీవారికి ఈ భేదం ఉపకరిస్తుంది. కాగితం మందానికి కొలతగా చెప్పే 'జీఎస్‌ఎం' అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాములలో. అంచు దాకా రంగు రావాలంటే కోతకు వీలుగా చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, అది 'బ్లీడ్'.

మన సంచికకు మరొక విశేషం ఉన్నది. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతాయి గనుక పుస్తకానికి రెండు ముఖపత్రాలు ఉంటాయి. పెద్ద కాగితం మీద పుటలను మడతకు తగిన వరుసలో అమర్చడాన్ని 'ఇంపొజిషన్' అంటారు. నడుమ పిన్ను కొట్టే పుస్తకానికి మొత్తం పుటలు నాలుగుతో భాగింపబడాలి. ఈ లెక్క ముందుగా చూసుకోకపోతే రెండు భాషలు కలిసే చోట ఖాళీ పుటలు మిగులుతాయి, లేదా ఎవరి వ్యాసమో చివరి నిమిషంలో తొలగిపోతుంది.

7. మన కర్తవ్యం

ఇదంతా ప్రెస్సువారు తెలుసుకోవలసిన విద్య, మనకెందుకని కొందరు అనవచ్చు. మన సంచిక పాత సంపుటాలను మళ్లీ వెలువరించాలని ఒకమారు సంకల్పించాము. సీడీ దొరికింది, ఫైళ్లు తెరచుకొన్నాయి. తెలుగు భాగంలో ఇంగ్లీషు అక్షరాల గందరగోళం, ఉర్దూ భాగంలో ప్రశ్నార్థకాల వరుస కనబడ్డాయి. ఆనాటి ఫాంట్లు లేవు, ఆనాటి ఆపరేటరు లేడు. చివరకు అచ్చు ప్రతిని ముందు పెట్టుకొని విద్యార్థులు మొదటి నుండి టైపు చేయవలసి వచ్చింది. అచ్చు ప్రతి కూడా దొరకని సంవత్సరాల రచనలు మనకు దక్కలేదు. పెద్ద గ్రంథాలకు పెద్ద గ్రంథాలయాలు ఉంటాయి. మన విద్యార్థుల తొలి రచనలకు మనము తప్ప దిక్కెవరు?

కనుక కమిటీవారికి, విద్యార్థులకు నా విన్నపాలు ఇవి.

మొదటిది, తెలుగు గాని ఉర్దూ గాని రచనలన్నీ యూనికోడ్‌లోనే స్వీకరించాలి. ఫోనులో టైపు చేసినా చాలు. పుట ఫోటో పంపితే అది బొమ్మ అవుతుంది గాని పాఠం కాదు.

రెండవది, ప్రెస్సుతో ఒప్పందం చేసుకొనేటప్పుడే యూనికోడ్ ఫాంట్లతో కూర్చగలరా అని అడగాలి. తెలుగుకు మండలి, సురన్న, మల్లన్న, గిడుగు మొదలైనవి, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ వంటివి ఉచితంగా లభిస్తున్నాయి.

మూడవది, మార్పిడి తప్పనప్పుడు మార్చిన తరువాతి ప్రతినే ప్రూఫు చూడాలి. అందులోనూ ముందుగా పేర్లు చూడాలి. తన పేరును రచయిత స్వయంగా చూసి సంతకం చేయాలి.

నాలుగవది, అచ్చు ముగిసిన తరువాత పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ పాఠాన్ని, మూల ఫోటోలను గ్రంథాలయంలో రెండు చోట్ల భద్రపరచాలి. ఆ పాఠాన్ని ఏ కాలపు యంత్రమైనా చదవగలదని ఆశించవచ్చు.

విద్యార్థులారా! కాతిబ్ కలం పట్టడానికి ఏండ్ల తరబడి సాధన చేసేవాడు. కంపోజిటర్ సీసపు కేసులో ఏ గడిలో ఏ అక్షరముందో కళ్లు మూసుకొని చెప్పగలిగేవాడు. ఆ శ్రద్ధ మన రెండు భాషలను మన దాకా మోసుకొని వచ్చింది. నేడు ఆ కేసు మీ అరచేతిలోని ఫోనులో ఉన్నది. మీట నొక్కినప్పుడు తెర మీద వెలిగిన రూపాన్ని మాత్రమే చూడక, దాని వెనుక నిలిచిన అంకెను కూడా గుర్తుంచుకోండి. డీటీపీ, పుట రూపకల్పన, భాషా సాంకేతిక రంగాలలో ఉపాధి కోరేవారికి ఈ జ్ఞానం జీవనాధారం కూడా కాగలదు.

ఆ విద్యార్థిని పేరును మరుసటి సంవత్సరం సంచికలో సవరణగా వేశాము. తప్పు పడిన చోట అక్షరాలు పెద్దవి, సవరణ పడిన చోట చిన్నవి. ఆ సవరణను ఆమె తల్లి చూసిందో లేదో నేను అడగలేకపోయాను. ఈ సంచికలో కవితలు, కథలు, వ్యాసాలు వ్రాసిన ప్రతి విద్యార్థీ తన పేరు తనదిగానే చూసుకొని ఇంటికి తీసికొని వెళ్లగలిగితే, ఈ నాలుగు పారిభాషిక పదాలు నేర్చుకొన్న మన శ్రమ ఫలించినట్లే.